విశ్వాసంలో నిలిచి ఫలించడం: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

మా సంఘంలో ఆరాధన పదకొండుకల్లా ముగుస్తుంది. అసలు ప్రశ్నలు ఆ తర్వాత మొదలవుతాయి. మెట్ల దగ్గర చెప్పులు వెతుక్కుంటూ, బండి స్టాండ్ తీస్తూ, "ఒక్క నిమిషం అన్నా" అని ఆపుతారు. గుంటూరులో యువజనులకు బైబిల్ క్లాసు చెప్పబట్టి ఇరవై ఏళ్లు దాటింది. నేను పాస్టర్ని కాదు, వేదాంత కళాశాలలో చదవనూ లేదు. అడిగే మనుషులు మారుతున్నారు గానీ ప్రశ్నలు మారట్లేదు, అందుకే ఇలా రాసి పెట్టాను. మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికే వెళ్లి చదువుకోండి. నా జవాబు మీ పాస్టరుగారి మాటతో కలవకపోతే ఆయన దగ్గర కూర్చుని అడగండి, తప్పేం లేదు.

## రక్షణ పొందిన కొత్తలో

బాప్తిస్మం తీసుకుని ఏడాది కూడా కాలేదు. అప్పుడున్న సంతోషం ఇప్పుడు లేదు. చల్లబడిపోయానా?

మిర్చి నారు తెచ్చి పొలంలో నాటిన మొదటి రోజుల్లో ఆకు వాలిపోతుంది. చచ్చిపోయిందేమోనని ఏ రైతూ పీకి చూడడు. అది వేరు పట్టుకునే సమయం. యేసుప్రభువు సంగతే చూడండి. యొర్దానులో బాప్తిస్మం పొందిన తర్వాత ఆయన నేరుగా అరణ్యానికి వెళ్లాడు. నలభై రోజులు ఆకలి, శోధన. మన దగ్గర బాప్తిస్మం అయ్యాక దండ వేసి ఫొటో దిగి, ఇక అంతా ఆశీర్వాదమే అనుకుంటాం. అందుకే మొదటి ఎండ తగలగానే కంగారు.

సంతోషం తగ్గితే నాకు భయం లేదు. తగ్గిందన్న బాధ కూడా లేకపోతే భయం. మీరు అడుగుతున్నారంటే ఆ బాధ ఉన్నట్టే కదా.

ఫలించడం అంటే ఆత్మలను సంపాదించడమేనా? నేనింతవరకు ఒక్కరినీ ప్రభువు దగ్గరికి నడిపించలేదు.

ఈ ప్రశ్న అడిగేవాళ్లలో ఎక్కువమంది మొహంలో దోషిలా ఒక చూపు ఉంటుంది. ఏ ఉజ్జీవ సభలోనో "ఈ సంవత్సరం ఎంతమందిని తెచ్చావు?" అని విని ఉంటారు.

బైబిల్లో ఫలం అన్న మాట చాలా చోట్ల వస్తుంది, అన్ని చోట్లా ఒకటే అర్థం లేదు. రోమా సంఘానికి రాస్తూ పౌలు మొదటి అధ్యాయంలో మనుషులు విశ్వాసంలోకి రావడాన్ని ఫలం అన్నాడు, నిజమే. కానీ కొలస్సయులకు రాసినప్పుడు మంచి పనుల్లో ఫలించడం అన్నాడు. హెబ్రీ పత్రిక చివర్లో దేవుణ్ని స్తుతించే పెదవుల ఫలం కనిపిస్తుంది. గలతీ పత్రిక ఐదో అధ్యాయంలో ప్రేమ, సంతోషము, సమాధానము, దీర్ఘశాంతము, దయాళుత్వము, మంచితనము, విశ్వాసము, సాత్వికము, ఆశానిగ్రహము అని తొమ్మిది ఉన్నాయి. వాటికి ముందున్న మాట గమనించండి. "ఆత్మ ఫలమేమనగా" అని ఉంది. ఫలములు అని లేదు. తొమ్మిదీ కలిసి ఒకే పండు. కాబట్టి "నాకు ప్రేమ ఉంది గానీ కోపం మాత్రం తగ్గదండీ, మా వంశంలోనే ఉంది" అని తప్పించుకోవడం కుదరదు.

ఇంకో సంగతి. పండు చెట్టు కోసం కాయదు. మీలో దీర్ఘశాంతం పెరిగిందో లేదో మీకంటే ముందు మీ అత్తగారికి, మీ కింద పనిచేసే కుర్రాడికి తెలుస్తుంది. మీరు ఫలిస్తున్నారా అన్నది మీ సాక్ష్యంలో కాదు, వాళ్లను అడిగి తెలుసుకోవాలి. ధైర్యం ఉంటే ఈ వారమే అడగండి.

బైబిల్ మొత్తం చదవాలని ప్రతి జనవరిలో మొదలుపెడతా, లేవీయకాండం దగ్గర ఆగిపోతా. ఏం చేయాలి?

ఆదికాండం నుంచే మొదలుపెట్టాలని రూలేం లేదు. బైబిల్లో 1189 అధ్యాయాలు, వాటిలో కొత్త నిబంధనవి 260. వారానికి ఐదు చదివితే కొత్త నిబంధన సరిగ్గా ఏడాదిలో అయిపోతుంది, పైగా వారానికి రెండు రోజులు సెలవు. మార్కు సువార్తతో మొదలుపెట్టండి. పదహారే అధ్యాయాలు, కథ పరుగెడుతుంది.

గ్రాంథికం అర్థం కాకపోతే తేలిక తెలుగు అనువాదం పక్కన పెట్టుకోండి. అమ్మమ్మల కాలం నుంచి వస్తున్న బైబిల్‌ని పక్కన పెట్టమనడం లేదు. కంఠస్థం చేయడానికి దాని నడకే వేరు. కానీ అర్థం కాకుండా చదివి టిక్ పెట్టుకోవడం చదవడం కాదు.

రోజూ ఫోన్‌లో బైబిల్ వాగ్దాన వచనం వస్తుంది, స్టేటస్ కూడా పెడతాను. అది చాలదా?

చాలదు. డిసెంబరు 31 రాత్రి మనమంతా తీసుకునే వాగ్దాన కార్డుల్లో ఎక్కువగా కనిపించేది యిర్మీయా 29:11. "సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు" అన్నది. ఒక్క వచనం వెనక్కి వెళ్లి పదోది చదవండి. బబులోనులో డెబ్బై సంవత్సరాలు గడిచాక అని ఉంది. చెరలో ఉన్నవాళ్లకు రాసిన ఉత్తరం అది. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటండి, మిమ్మల్ని బంధించి తీసుకెళ్లిన ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థన చేయండి అని దాని సారాంశం. ఈ సంవత్సరమే ఉద్యోగం వస్తుందని కాదు, విన్నవాళ్లలో చాలామంది తిరిగి రావడం చూడకుండానే పోతారని. అంతా చదివాక ఆ వచనం చిన్నదవదు, ఇంకా బరువెక్కుతుంది. స్టేటస్ పెట్టండి, కానీ అధ్యాయం చదివి పెట్టండి.

## ఇల్లు, ఉద్యోగం, వ్యాపారం

ప్రార్థనకు టైమే దొరకట్లేదు. పొద్దున లేస్తే పిల్లల బాక్సులు, రాత్రి షాపు మూసేసరికి పది. ఏం చేయను?

తెల్లవారుజామున నాలుగింటికి లేచి రెండు గంటలు మోకరించే భక్తుల సాక్ష్యాలు విని, అలా చేయలేక, అసలు మానేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. ప్రభువు పెందలకడ లేచి అరణ్య ప్రదేశానికి వెళ్లి ప్రార్థన చేశాడని మార్కు రాశాడు. అది మంచి మాదిరే. అయితే రాజుకు ద్రాక్షారసం అందించే నెహెమ్యా సంగతి కూడా బైబిల్లోనే ఉంది. రాజు "నీకేం కావాలి?" అని అడిగాడు. నెహెమ్యా దేవునికి ప్రార్థన చేసి, వెంటనే రాజుకు జవాబిచ్చాడు. ఆ రెంటికీ మధ్య ఎంత సమయం ఉంటుంది? ఒక ఊపిరి.

పది నిమిషాలు ఒకే చోట, ఒకే వేళ పెట్టుకోండి. కుళాయి నీళ్లు వదిలే వేళైనా సరే, షాపు షట్టర్ ఎత్తే ముందైనా సరే. పది నిమిషాలు అలవాటైతే పదిహేను దానంతటదే అవుతుంది. ఆ పది నిమిషాలూ ఫోను వేరే గదిలో ఉండాలి. దీని మీద మాత్రం నేను బేరం ఆడను.

మా ఆయన విశ్వాసి కాదు. చర్చికి వెళ్తే ఇంట్లో గొడవ. మానేస్తే ప్రభువుకు నమ్మకద్రోహం చేసినట్టు ఉంటుంది.

ఇలాంటి ఇళ్లకు పేతురు ఇచ్చిన సలహా మనం సాధారణంగా చేసేదానికి పూర్తిగా ఎదురు. "వాక్యము లేకుండనే" అన్నాడు, మీ నడవడి చూసి రాబట్టబడవచ్చని. అంటే అన్నం వడ్డిస్తూ వాక్యం చెప్పడం, టీవీలో ప్రసంగం సౌండ్ పెంచడం, ఆయన చదవాలని గోడమీద వచనాలు అంటించడం, వీటివల్ల పని జరగదు. ఆదివారం ఉదయం ఆరాధన ఒక్కటి వదులుకోకండి. మిగతా వారమంతా జరిగే కూడికలన్నీ కూడా వదలనంటే మాత్రం గొడవలో మీ వాటా కూడా ఉంటుంది.

ఒక్కటి విడిగా చెప్పాలి. ఆయన చెయ్యి చేసుకుంటుంటే అది సిలువ మోయడం కాదు. ఓర్చుకోమని ఏ అయ్యగారు చెప్పినా వినకండి. మహిళా హెల్ప్‌లైన్ 181, రోజంతా పనిచేస్తుంది. నమ్మకమైన అక్కకు ఎవరికైనా వెంటనే చెప్పండి.

ఆఫీసులో ఆయుధ పూజ చేసి ప్రసాదం ఇస్తారు. తీసుకోవాలా, వద్దా?

కొరింథు సంఘం దాదాపు ఇదే అడిగింది. పౌలు మొదటి పత్రికలో ఎనిమిది నుంచి పది వరకు మూడు అధ్యాయాలు దీనికే కేటాయించాడు. ఒక్క ముక్కలో తేలేదైతే అంత రాసేవాడు కాదు. విగ్రహం వట్టిదని ఒప్పుకున్నాడు, సంతలో అమ్మేది ఆరా తీయకుండా తినమన్నాడు. కానీ ఇది అర్పించినదని ఎవరైనా చెప్తే, చెప్పినవాడి మనస్సాక్షి కోసం తినవద్దన్నాడు. అందుకే మనవాళ్లలో చాలామంది తీసుకోరు, నేనూ తీసుకోను.

కానీ ఎలా కాదంటున్నారన్నది అంతకన్నా ముఖ్యం. "ఏమీ అనుకోకండి సార్, నేను తీసుకోను" అని నవ్వుతూ చెప్తే సరిపోతుంది. మొహం చిట్లించడం, చెయ్యి వెనక్కి లాక్కోవడం, అప్పుడే బోధ మొదలుపెట్టడం వద్దు. క్రిస్మస్‌కి మనం పంచే కేకు ఆ ఆఫీసులో ఒక్కరు కూడా కాదనరు. అది గుర్తుంచుకుని మాట్లాడండి.

మిర్చి వ్యాపారంలో నిజాయితీగా ఉంటే నష్టమే అన్నా. అందరూ చేసేదే నేనూ చేస్తే తప్పా?

బరువు కోసం కాయ మీద నీళ్లు చల్లడం, తూకంలో ఒక పాయింటు నొక్కడం గురించే కదా అడుగుతున్నావు తమ్ముడూ. దొంగత్రాసు యెహోవాకు హేయమని సామెతలు పదకొండో అధ్యాయం మొదటి వాక్యంలోనే ఉంది. నీళ్లు చల్లిన కాయకు బూజు పడుతుంది, ఆ కారం తినేది ఎవరి పిల్లలో నీకు తెలియదు. నమ్మకత్వం గురించి ప్రభువు మాట్లాడిన చోట "మిక్కిలి కొంచెములో" అన్న మాట వాడాడు. లూకా పదహారులో చూడు. ఆ కొంచెం మన దగ్గర గ్రాముల్లో ఉంటుంది.

నష్టం రాదని నేను చెప్పను. వస్తుంది. పన్నులు వసూలుచేసే జక్కయ్యకూ వచ్చింది. ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. ఆ లెక్క వేసి చూస్తే అతని దగ్గర ఎంత మిగిలి ఉంటుందంటావు? ఆ ఇంటికే రక్షణ వచ్చిందన్నాడు ప్రభువు. నువ్వు పాత బాకీలు ఎవరికి తిరిగి ఇవ్వాలో ఒక కాగితం మీద రాసుకుని, చిన్నదానితో మొదలుపెట్టు.

## ఎండిపోయినట్టు ఉన్నప్పుడు

ప్రార్థన చేస్తుంటే గోడతో మాట్లాడుతున్నట్టు ఉంది. దేవుడు నన్ను వదిలేశాడా?

కీర్తనల గ్రంథం తెరిస్తే ఈ మాట అన్నది మీరొక్కరే కాదని తెలుస్తుంది. పదమూడో కీర్తన మొదటి రెండు వచనాల్లోనే ఇంకా ఎంతకాలమని దావీదు నాలుగుసార్లు అడుగుతాడు. ఎనభై ఎనిమిదో కీర్తన అయితే చీకటితోనే ముగుస్తుంది, చివర్లో స్తుతి కూడా ఉండదు. అలాంటి ప్రార్థనను దేవుడు తన గ్రంథంలో ఉంచనిచ్చాడు.

మొదటి కీర్తనలో నీతిమంతుడు నీటికాలువల యోరను నాటబడిన చెట్టు. అక్కడి హీబ్రూ మాటకు మనిషి తవ్వి పారించిన కాలువ అనే అర్థం కూడా ఉంది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్యలోంచి పారే విజయవాడవాళ్లకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. వేసవిలో కాలువలు కట్టేస్తారు. అడుగున బురద, ప్లాస్టిక్ కవర్లు తేలతాయి. ఒడ్డున చెట్లు మాత్రం పచ్చగానే ఉంటాయి, ఎందుకంటే వేర్లు కిందికి వెళ్లిపోయాయి. "తన కాలమందు ఫలమిచ్చు" అని ఉంది ఆ కీర్తనలో, అన్ని కాలాల్లోనూ అని లేదు. ఆకు వాడకపోవడం మాత్రం అన్ని కాలాలకూ చెప్పిన మాట. ఈ రోజుల్లో మీ పని ఆకు నిలబెట్టుకోవడం. సొంత మాటలు రాకపోతే కీర్తన పైకి చదవండి, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో ఒక పాట పాడుకోండి, ఆదివారం వెళ్లి వెనక బెంచీలో ఊరికే కూర్చోండి. పక్కవాళ్లు పాడుతుంటే ఆ రోజుకి మీ వంతు వాళ్లు పాడినట్టే.

ఇక ప్రవక్త ఏలీయా. చచ్చిపోతానని బదరీచెట్టు కింద పడుకున్నవాణ్ని దేవదూత ముందు మందలించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి పడుకోనిచ్చాడు, మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. కాబట్టి నిద్ర, తిండి సరిచూసుకోండి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా అది విశ్వాసలోపం అనుకుని దాచుకోవద్దు. డాక్టరుకు చూపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఇంత నమ్మకంగా ఉన్నా కష్టాలు ఎందుకు? దేవుడు నన్ను కత్తిరిస్తున్నాడా?

కావచ్చు. యోహాను పదిహేనులో, ఫలించే తీగ ఇంకా ఎక్కువ ఫలించాలని తోటమాలి పనికిరానివి తీసేస్తాడని ఉంది. మన జిల్లాల్లో ద్రాక్షతోటలు లేవు కాబట్టి మనకది తేలిగ్గా అర్థం కాదు. హైదరాబాదు చుట్టుపక్కల రైతులు ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు, వేసవిలో ఒకసారి, అక్టోబరు ప్రాంతంలో ఇంకోసారి. కత్తిరించిన రోజు తోట చూస్తే ఎవరో పాడు చేశారనుకుంటాం.

అయితే ప్రతి కష్టాన్నీ కత్తిరింపు అనేయడం నాకు ఇష్టం లేదు, ముఖ్యంగా వేరేవాళ్ల కష్టాన్ని. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగింది. ఇళ్లలోకి నీళ్లొచ్చిన వాళ్లలో విశ్వాసులున్నారు, కానివాళ్లున్నారు. ఇది ఎవరి పాపమన్న చర్చకు లూకా పదమూడులో ప్రభువు జవాబు ఉంది. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిదిమంది చనిపోతే, వాళ్లు మిగతావారికంటే దోషులని అనుకుంటున్నారా, కాదు అన్నాడు. ఆ వెంటనే మూడేళ్లు కాయని అంజూరపు చెట్టు కథ చెప్పాడు. ఇంకొక్క ఏడాది ఇవ్వండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానని తోటమాలి అడుగుతాడు. కష్టంలో ఉన్నవాళ్ల ఇంటికి వెళ్లినప్పుడు కారణం చెప్పకండి, తవ్వడానికి పార పట్టుకెళ్లండి. బురద ఎత్తిపోసిన చేతులు చెప్పిన వాక్యం ఎవరూ మర్చిపోరు.

## పడిపోయాక, దూరమయ్యాక

అదే పాపంలో మళ్లీ పడ్డాను. ఎన్నిసార్లని క్షమించమని అడగను?

పేతురు ప్రభువును ఎరగనని చెప్పింది బొగ్గుల మంట దగ్గర చలి కాచుకుంటూ. పునరుత్థానం తర్వాత తిబెరియ సముద్రం ఒడ్డున ప్రభువు అతనికి తిండి పెట్టింది కూడా బొగ్గుల నిప్పుల దగ్గరే. గ్రీకు మూలంలో ఆ మాట కొత్త నిబంధన మొత్తంలో ఈ రెండు చోట్లే వస్తుంది. మూడుసార్లు కాదన్నవాణ్ని మూడుసార్లు "నన్ను ప్రేమించుచున్నావా" అని అడిగాడు. ఎందుకు చేశావని అడగలేదు. గొర్రెల్ని మేపమని పని అప్పగించాడు.

ఇది ఓదార్పు. దీనితో ఆగితే వచ్చే నెల ఇదే ప్రశ్నతో వస్తారు. ఒంటరిగా పోరాడి గెలిచినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. ఒక్కరికి చెప్పండి, మగవాళ్లయితే మగవాళ్లకు, ఆడవాళ్లయితే ఆడవాళ్లకు, నోరు జారని మనిషికి. రాత్రిపూట ఫోన్‌తోనే సమస్య అయితే చార్జర్ హాల్లో పెట్టండి. తాగుడైతే ఆ దారిన ఇంటికి రావడం మానేయండి. ఇవి ఆత్మీయంగా వినిపించవు, కానీ పనిచేస్తాయి.

సంఘంలో గొడవలు చూసి మానేశాను. ఇంట్లో యూట్యూబ్‌లో వాక్యం వింటున్నా. సరిపోదా?

నేనూ ఒకసారి మానేశాను. కమిటీ ఎన్నికల్లో మాటా మాటా పెరిగి, ఒకరోజు కుర్చీలు లేచాయి. ఆ సంఘం పేరు అనవసరం. ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చుని మంచి మంచి ప్రసంగాలు విన్నాను. వాక్యజ్ఞానం పెరిగింది, నిజం. కానీ ఆ ఎనిమిది నెలల్లో ఎవరినీ క్షమించాల్సిన అవసరం రాలేదు, ఎవరినీ భరించలేదు, ఎవరి ఇంటికీ వెళ్లలేదు. యూట్యూబ్‌లో మనకు నచ్చనివాళ్లు ఉండరు, ఉంటే మార్చేస్తాం. దీర్ఘశాంతం ఎక్కడ పెరుగుతుంది మరి? చివరికి నన్ను వెనక్కి తెచ్చింది ప్రసంగం కాదు. జ్వరంతో పడుకుంటే, ఏ మనిషితో గొడవపడ్డానో ఆయనే కొబ్బరిబోండాలు పట్టుకుని వచ్చాడు.

సమాజముగా కూడుట మానవద్దని హెబ్రీ పత్రిక చెప్పింది ఒకరినొకరు పురికొల్పుకోవడం కోసం. అదే సంఘానికి తిరిగి వెళ్లాలని లేదు. అక్కడ డబ్బు మోసమో, ఆడపిల్లలకు హానో జరిగి ఉంటే వెళ్లకండి, ఫిర్యాదు చేయండి. మామూలు మనస్పర్థలైతే మాత్రం తర్వాతి సంఘంలోనూ అవి మీకోసం కాచుకునే ఉంటాయి.

## పరిచర్య, కానుక, వయసు

దశమభాగం, అంటే రాబడిలో పదో వంతు, ఇవ్వలేకపోతున్నా. ఇవ్వకపోతే ఆశీర్వాదం ఆగిపోతుందా?

ప్రతివాడూ హృదయంలో నిశ్చయించుకున్నట్టు, సణుక్కోకుండా, బలవంతం లేకుండా ఇవ్వాలని 2 కొరింథీయులకు తొమ్మిదిలో ఉంది. అప్పు చేసి కానుక వేయకండి. పిల్లల ఫీజు ఆపి వేయకండి. ఇంత ఇస్తే ఇన్నింతలు వస్తుందని చెప్పేవాళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త. ఉన్నప్పుడు ఇవ్వని అలవాటు ఉంటే మాత్రం, అది వేరే సంగతి.

పాట పాడలేను, ప్రసంగం చేయలేను. సువార్త చెప్పినా ఎవరూ మారట్లేదు. నేను దేనికి పనికొస్తాను?

వరాల జాబితా రోమా పత్రిక పన్నెండులో చూడండి. బోధించడంతోపాటు పంచిపెట్టడం, కరుణించడం కూడా ఉన్నాయి. యొప్పేలో దొర్కా అనే శిష్యురాలు చేసింది బట్టలు కుట్టడమే.

మన ఊరి సంగతే చెప్తాను. అమెరికా మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ గుంటూరుకు 1883లో వచ్చారు. ఇప్పుడు ఆమె పేరుతో పిలుస్తున్న ఆసుపత్రి తెరిచింది 1898లో. మధ్యలో పదిహేనేళ్లు. ఆ పదిహేనేళ్లలో ఏ ఒక్క సంవత్సరాన్ని విడిగా తీసి చూసినా ఏం ఫలించిందని అడగొచ్చు. నాటేవాడు ఒకడు, నీళ్లు పోసేవాడు ఒకడు, వృద్ధి కలుగజేసేది దేవుడని పౌలు రాశాడు. మీది నీళ్లు పోసే వంతేమో. ఎవరూ మారట్లేదని చెప్పడం మానకండి, మారడం లేదని వాళ్లతో స్నేహం అసలే మానకండి.

రిటైరయ్యాను. మోకాళ్ల నొప్పులు, మోకరించలేను, సభలకు పోలేను. ఇక నావల్ల ఏమవుతుంది బాబూ?

లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరులో అడుగుపెట్టింది 1842 జూలై 31న, అప్పటికే ఆయనకు 49 ఏళ్లు. తర్వాత అమెరికా వెళ్లిపోయి, 1869లో రాజమండ్రి మిషన్ కష్టాల్లో ఉందని మళ్లీ ఓడెక్కి వచ్చారు. అప్పటికి 76. నీతిమంతులు ముసలితనమందు ఇంకను చిగురు పెట్టుచుందురని తొంభై రెండో కీర్తనలో ఉంది. మిమ్మల్ని ఓడెక్కమనడం లేదు లెండి.

కుర్చీలో కూర్చునే ప్రార్థన చేయండి, మోకాళ్లు లెక్కలోకి రావు. మా సంఘంలో ఒక మామ్మగారు పాత కరెంటు బిల్లుల వెనక పేర్లు రాసుకుంటారు. యువజనుల పేర్లు, పరీక్షల తేదీలు, ఎవరికి ఏ ఊళ్లో ఇంటర్వ్యూనో. రోజుకో బిల్లు తీసి ప్రార్థన చేస్తారు. పోయిన నెల వెళ్తే నా పేరున్న బిల్లు చూపించారు. నేను ఆ కమిటీ గొడవలో చర్చి మానేసిన సంవత్సరంది అది.